ఎడమ భుజం మీద ఎలుకచుక్క

షిగే అక్క నిలబడి నిద్రపోగలదు. ఇది మాటవరసకు అంటున్నది కాదు, నేను కళ్ళారా చూశాను. స్క్విడ్‌లు ఆరబెట్టే తాడు దగ్గర తడి స్క్విడ్ ఒకటి చేత్తో పట్టుకుని, తాడు మీదికి చెయ్యెత్తి, అలాగే ఆగిపోయేది. కళ్ళు తెరిచే ఉండేవి. నేను "అక్కా" అని పిలిస్తే, అసలు ఆగనే లేదన్నట్టు ఆ చెయ్యి మళ్ళీ కదిలేది.

నా పేరు హత్సు. మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య గోడ ఒకటే. ముప్పై ఏళ్ళకు పైగా ఆమె, నేనూ ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని స్క్విడ్‌ల పొట్టలు చీల్చాం. అందుకని ఆమె కథ చెప్పే హక్కు నాకుందనే అనుకుంటాను.

జపాను పడమటి సముద్రంలో ఉన్న మా సాదో దీవి నడిమధ్యన, కొండల సందులో వరి పండించే ఊరు ఆమె పుట్టిల్లు. అక్కడివాళ్ళు పొద్దు గూకగానే తిని పడుకుంటారు. ఆకాశంతో వాళ్ళకున్న పనల్లా వాన వస్తుందో రాదో చూసుకోవడం, అదీ పగటిపూట. పంతొమ్మిదో ఏట తొమెకిచిని పెళ్ళాడి మా కురోసే రేవుకు వచ్చింది. వచ్చిన కొత్తల్లో మగవాళ్ళంతా సాయంత్రం పడవలెక్కి వెళ్ళిపోతుంటే, "వీళ్ళు పడుకోరా?" అని నన్నడిగింది. "మనమూ పడుకోం," అన్నాను. తెల్లారేసరికి సరుకు ఒడ్డుకు వస్తుంది, ఎండ ఎక్కేలోగా కోసి తాళ్ళ మీద వేయకపోతే పాడైపోతుంది. ఆ తర్వాత కొండ మీది మెట్ల పొలాల్లో పని. మా రేవులో ఆడది అలిసిపోయానంటే ఎవరూ జాలిపడరు, ఎందుకంటే వినేవాళ్ళూ అలిసిపోయే ఉంటారు.

తొమెకిచి పేరున్న వేటగాడు. మా వైపు స్క్విడ్ వేట చుక్కల లెక్క మీద నడుస్తుంది. చుక్క కొండ మీదికి లేచే వేళకు స్క్విడ్‌లు పైకి వచ్చి గాలానికి ఎగబడతాయి. ముందు సుబారు, అంటే కృత్తికలు. దాని వెనకే ఎర్రగా వెంటచుక్క. తర్వాత ఒక వరసలో మూడుచుక్కలు. చివర నీలిచుక్క. ఒక చుక్కకూ ఇంకో చుక్కకూ మధ్య ఎంత గుంజినా చేతులు నొప్పి పుట్టడమే తప్ప పడేది తక్కువ. ఆ సందులో కునుకు తీసి, సరిగ్గా చుక్క లేచే వేళకు లేచినవాడే వేటగాడు. తొమెకిచి ఏనాడూ ఆ వేళ తప్పలేదు.

వాళ్ళ కూతురు సాయోకు ఐదేళ్ళు నిండిన ఏడు, వరికోతలప్పుడు, అతని అడుగులు తడబడటం మొదలైంది. పెరట్లో బక్కెట్టు తన్నుకుని పడ్డాడు. చీకటిపడ్డాక నా కోతబల్ల మీదికే నడిచొచ్చాడు. ఊళ్ళో అందరం తాగుతున్నాడనే అనుకున్నాం. ఒకరోజు తెల్లవారుజామున ఇంకా మసకగా ఉండగానే పడవ తెస్తూ, రేవు ముందున్న పిల్లిరాయికి కొట్టాడు. పడవ ముక్కు పగిలిపోయింది. పడవలో అతనితో ఉండే కిసుకె అప్పుడు వెనకాల ముసుగుతన్ని నిద్రపోతున్నాడు. నీళ్ళలో పడి లేచి, ఒడ్డుకు వచ్చి, "ఇక నీ పడవకో దండం," అని వెళ్ళిపోయాడు.

మధ్య గోడ పలచన కాబట్టి ఆ రాత్రి వాళ్ళ మాటలు నాకు వినపడ్డాయి.

"తాగావా?" అంది షిగే.

"చుక్క కూడా తాగలేదు."

"మరి అంత రాయి కనపళ్ళేదా?"

"కనపళ్ళేదు."

"ఊళ్ళో అందరికంటే ముందు పుట్టిన రాయి అది. ఎట్టా కనపడదయ్యా?"

తొమెకిచి, "రాయి ఒక్కటే కాదే. రెండేళ్ళ నించీ పొద్దు గూకితే నాకేవీ కనపట్టంలేదు. చుక్కలు కూడా," అన్నాడు.

రెండేళ్ళుగా కిసుకెకు విద్య నేర్పుతున్నట్టు నటించాడట. "సుబారు ఎంతెత్తు వచ్చిందో చెప్పరా చూద్దాం" అని అడిగేవాడు. వాడు చెప్పినదాన్ని పట్టుకుని పడవ నడిపేవాడు. వాడు నిద్రపోయిన రోజున రాయి అడ్డం వచ్చింది.

పట్నంలో డాక్టరు దీపం పెట్టి కళ్ళలోకి చూసి, రేచీకటి అన్నాడు. వంశంలో ఎవరికైనా ఉందా అని అడిగాడు. తొమెకిచి చిన్నాన్న నలభై దాటేసరికి కర్ర పట్టుకున్నాడు. "పగటిచూపు కూడా మెల్లమెల్లగా పోతుంది, ఎన్నాళ్ళకని చెప్పలేను," అన్నాడు డాక్టరు. కొండ దారిన నడిచి తిరిగొస్తుండగా మసక పడింది. షిగే ముందు నడుస్తుంటే, అతను ఆమె నడుముకున్న గుడ్డ కొస పట్టుకుని వెనకాల నడిచాడు. ఊరు దగ్గరపడ్డాక ఆ కొస వదిలేసి, తడుముకుంటూ ముందుకొచ్చి నడిచాడు.

ముక్కుకు అతుకు వేసిన ఆ పడవలో ఎక్కడానికి ఇంకో మగవాడు దొరకలేదు. వారం రోజుల తర్వాత షిగే తలకు గుడ్డ చుట్టుకుని, మొగుడి పాత కోటు తొడుక్కుని రేవులోకి దిగింది. రేవు పెద్ద గెన్‌జిరో గట్టు మీద నుంచి చూసి లేచాడు.

"ఏరా తొమె, మన రేవులో ఆడది పడవెక్కడం నీ తాతలన్నా చూశారట్రా? పడవలో దాన్ని కాచే అమ్మతల్లి ఉంది. ఆవిడకి ఇంకో ఆడది గిట్టదు."

తొమెకిచి తల దించుకున్నాడు. షిగేనే జవాబు చెప్పింది. "అట్టాగా మావా? అయితే ఆ తల్లినే రాత్రంతా మేలుకుని ఈయనకి చుక్కలు చెప్పమను. నేను ఇంటికెళ్ళి హాయిగా పడుకుంటాను."

గట్టు మీద ఎవరో నవ్వారు. గెన్‌జిరో నవ్వలేదు. "నేను చూళ్ళేదు అనుకుంటాను. కానీ మీ పడవ మా వాటి పక్కన కట్టొద్దు," అన్నాడు. అప్పట్నుంచి వాళ్ళు తమ పడవను రేవు చివర, నాచు పట్టిన రాళ్ళ దగ్గర కట్టుకున్నారు. సరుకు బుట్టలు మోసే దూరం రెండింతలైంది. ఆ రాళ్ళ మీద జారి షిగే మోకాలు ఒకటి ఆ ఏడే దెబ్బతింది.

మొదటి రాత్రి సంగతి తర్వాత ఆమే నాకు చెప్పింది. ఒడ్డు దాటగానే వాంతులు. కడుపు ఖాళీ అయ్యాక తొమెకిచి అడిగాడు: "సుబారు లేచిందా?"

"ఏదీ?"

"సుబారే. కుప్పగా ఉంటాయి."

"అన్నీ కుప్పగానే ఉన్నాయి. బియ్యం ఒలికిపోయినట్టున్నాయి. ఏ గింజ కావాలో చెప్పు."

"కొండ కనపడుతోందా?"

"నల్లగా ఉంది."

"దాని ఎడం భుజం దగ్గర చిన్న పల్లం ఉంటుంది. చెయ్యి చాచి ఆ పల్లం మీద పిడికిలి పెట్టు. పిడికిలి పైన ఏముంది?"

"మబ్బులాంటిదేదో. చిన్న మరక."

"అదే. సూటిగా చూడకు, కాస్త పక్కకి చూడు, విడివిడిగా కనపడతాయి."

ఆమె పక్కకు చూసింది. మరక ఆరు చుక్కలుగా విడిపోయింది. "ఆరున్నాయి," అంది. అప్పుడు తొమెకిచి గాలం అందుకుని, "గుంజు!" అన్నాడు. తెల్లారిందాకా గుంజారు. తిరిగొచ్చాక ఆమె అరిచేతులు చూశాను. పిండి రుద్దినట్టు తెల్లగా, వేళ్ళ సందులు పగిలి ఉన్నాయి. ఆ చేతులతోనే కత్తి పట్టుకుని కోతకు కూర్చుంది.

ఆమెకు చుక్కలు ఒక్క ఏట రాలేదు. ఆమె దేన్నీ తొందరగా నేర్చుకునే మనిషి కాదు. పైగా నిద్ర. ఒకరోజు ఉత్తరం వైపు లేచిన పెద్ద పసుపుచుక్కను చూసి వెంటచుక్క లేచిందని చెప్పింది. ఇద్దరూ గంటసేపు ఉత్త నీళ్ళు గుంజారు. మర్నాడు అన్నం దగ్గర పెద్ద గొడవ.

"ఎర్రగా ఉంటుందని చెప్పానా లేదా?"

"మూడో జాము రాత్రి నా కళ్ళే ఎర్రగా ఉంటాయి. నాకు అన్నీ ఎర్రగానే కనపడతాయి."

"ఒక్కదాన్నే పట్టుకుని చూడకే. పక్కన ఎవరున్నారో చూడు. మన ఊళ్ళో మనుషుల్ని నువ్వెట్టా గుర్తుపట్టావు?"

"ఎక్కడ గుర్తుపట్టాను? ఏడాదిపాటు మీ వాళ్ళంతా ఒక్కలాగే కనపడ్డారు. ఎవరి ఇంట్లోంచి బయటికొస్తే వాళ్ళ మనిషి అనుకున్నాను."

"మరదే! అదే నేను చెప్పేది!" అని తొమెకిచి గిన్నె చాప మీద గట్టిగా పెట్టాడు. "చుక్కలకీ ఇళ్ళున్నాయి. ఏ ఇంట్లోంచి వస్తే ఆ చుక్క. సుబారు ఎడంగా ఆ పల్లంలోంచి. మూడుచుక్కలు నిలువు తూర్పున. నీలిచుక్క కుడిపక్క. తారుమారు అవ్వవు."

ఆ మాట ఆమెకు పట్టింది. ఒక్కొక్క చుక్కనూ దాని గడప దగ్గర చూడటం నేర్చుకుంది. ఇంకో ఏడు, సుబారు పక్కన తళతళా వెలుగుతున్న కొత్త చుక్క ఒకటి కనపడి ఆమెను తికమక పెట్టింది. "పోయిన నెల ఇక్కడ ఇది లేదే," అంది. "అది తిరుగుబోతు. దానికి ఇల్లూ వాకిలీ లేవు. దాన్ని నమ్ముకుని పోతే మనకీ ఉండవు," అన్నాడు తొమెకిచి.

వేట వేళ తెలియడం ఒక ఎత్తు, ఇల్లు చేరడం ఇంకో ఎత్తు. ఉత్తరాన్ని మావాళ్ళు ఎలుక దిక్కు అంటారు, అందుకే అక్కడ కదలకుండా ఉండే ధ్రువచుక్క మాకు ఎలుకచుక్క. మొహం ఇంటివైపు ఉంటే అది ఎడమ భుజం మీద ఉండాలి. దాన్ని వెతకడానికి చుక్కాని చుక్కలు ఏడు, అంటే సప్తర్షులు. అవి సముద్రంలోకి దిగిపోయే కాలంలో, పైన లంగరు ఆకారంలో ఐదు చుక్కలు ఉంటాయి. చుక్కాని మునిగినప్పుడు లంగరు తేలుతుంది. ఇదంతా షిగేకు వంటబట్టడానికి మూడు వేట కాలాలు పట్టింది. నాలుగోదాంట్లో తొమెకిచి అడగడం మానేశాడు. ఆమే చెప్పేది, అతను తెడ్డు వేసేవాడు.

ఆ నాలుగో ఏడే గాలి దెబ్బ తగిలింది. సాయంత్రం అంతా నిమ్మళంగానే ఉంది. నడిరాత్రికి పడమటి నుంచి ఒక్కసారిగా గాలి లేచి దీపం ఆర్పేసింది. కొండ మబ్బులో మునిగిపోయింది. తక్కిన పడవలు ఎటు పోయాయో తెలియదు. మా ఆయన పడవ ముందే తిరిగొచ్చింది. రేవులో ఆడవాళ్ళం మంట వేసి నిలబడ్డాం. ఆ మంట మా మొహాలకే తప్ప ఎవరికీ కనపడి ఉండదు.

"ఏం కనపడుతోంది?" అని తొమెకిచి అరిచాడట.

"ఏవీ లేదు! అంతా మూతపెట్టినట్టుంది!"

"పైన చూడు, ఎక్కడన్నా చిరుగు ఉంటుంది. చిరుగు లేని మబ్బుండదు."

ఎంతోసేపటికి చిరుగు దొరికింది. దాంట్లోంచి మూడు చుక్కలు కనపడి మూసుకుపోయాయి. అవి లంగరు కొసలో లేక ఇంకేవైనానో ఆమెకు తెలియలేదు. పడవలోకి చేరిన నీళ్ళు ఒక చేత్తో ఎత్తిపోస్తూ, తల పైకెత్తి, ఇంకో చిరుగు కోసం చూసింది. రెండోసారి ఐదూ కనపడ్డాయి. లంగరు నడిమి కొన చూపించే వైపున ఎలుకచుక్క ఉంటుంది. అది కనపడకపోయినా ఉన్న చోటు తెలిసింది. "కుడికి! ఇంకా కుడికి! ఇప్పుడు సూటిగా!" అని ఆమె అరుస్తుంటే, చూపు లేని మొగుడు ఒంట్లోని బలమంతా తెడ్డు మీద పెట్టాడు. అరిచి అరిచి ఆమె గొంతు పోయింది.

తెల్లారేసరికి వాళ్ళు ఒడ్డు చేరారు. మా రేవుకు కాదు, రెండు కొండలు దక్షిణంగా, ఎవరూ ఉండని గులకరాళ్ళ గట్టుకు. షిగే ఒడ్డున కూలబడి ఏడ్చిందట. "రెండు కొండలు తప్పాను. ఇన్నేళ్ళు నేర్చుకుని రెండు కొండలు తప్పాను."

తొమెకిచి నవ్వడం మొదలుపెట్టాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాక అతను నవ్వడం అదే మొదలు. "ఒసే పిచ్చిదానా, రెండు కొండలేనా? మా నాన్న ఒకసారి దీవినే తప్పాడు. మూడ్రోజులకి ఎవరో పట్టుకొచ్చి అప్పజెప్పారు. నలభై ఏళ్ళు వేట చేసినవాడు!"

రెండు కొండలూ ఎక్కి దిగి, మధ్యాహ్నానికి ఇంటికి నడిచొచ్చారు. సాయోను నా ఒళ్ళోంచి తీసుకుని, షిగే గడప మీదే పడుకుండిపోయింది. సాయంత్రం దాకా ఎవరం లేపలేదు. ఆ గాలికి మా రేవులో ఒక పడవ తిరిగి రాలేదు. కిసుకె ఆ పడవలోనే ఉన్నాడు.

సాయో పెరిగింది. పల్చగా, మాట తక్కువగా, తండ్రి నోరు మూసుకున్నట్టే మూసుకుని ఉండేది. షిగేకు ఉన్న భయం ఒక్కటే, దాన్ని నోరు విప్పి అనేది కాదు. పిల్లకు తొమ్మిదో ఏడు వచ్చినప్పటి నుంచీ, వేటకు వెళ్ళే ముందు, చలికాలం వస్తే వేట లేని రాత్రుల్లో కూడా, పెరట్లోకి తీసుకొచ్చి అడిగేది.

"సుబారు ఏదీ?"

"అదిగో."

"ఎన్ని?"

"ఆరు."

"వెంటచుక్క?"

"ఇంకా లేవలేదమ్మా. కాసేపాగాలి."

ఇలా మూడేళ్ళు. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. షిగే మొహం ఆ కాసేపు తేటపడేది. "దీని కళ్ళు నావే, హత్సూ," అని ఒకరోజు కోతబల్ల దగ్గర నాతో అంది. "ఇంకో రెండేళ్ళు ఓపిక పడితే నా బదులు ఇది కూచుంటుంది పడవలో. నా మోకాలికి ఇక చాతకాదు. ఒక్క వేటకాలం, ఒక్కటంటే ఒక్కటి, రాత్రిపూట పడుకుంటే చాలు నాకు."

సాయోకు పన్నెండో ఏట, ముల్లంగి ఊరబెట్టే రోజుల్లో, నేను తొట్టి అడగడానికి వాళ్ళ పెరట్లోకి వెళ్ళాను. అప్పుడే చీకటి పడింది. షిగే పిల్లను పిలిచింది. సాయో పొయ్యి దగ్గర నుంచి లేచి, చేతులు తుడుచుకుంటూ గడపలోకి వచ్చి నిలబడింది.

"సుబారు?"

సాయో చెయ్యెత్తి కొండ మీదికి చూపింది. "అదిగో. ఆరు చుక్కలు."

నేను అటు చూశాను. అంతకు ముందే సముద్రం మీద నుంచి మబ్బు పాకి కొండను, ఆకాశాన్ని కప్పేసింది. అక్కడ ఏమీ లేదు. ఒక్క చుక్క లేదు.

షిగే కదల్లేదు. పిల్ల చెయ్యి ఇంకా ఎత్తే ఉంది. చెప్పింది సరైనదేనా అన్నట్టు తల్లి మాట కోసం చెవి ఒగ్గి నిలబడింది. ఆ చెయ్యి చూపించే చోటు తప్పు కాదు. మబ్బు లేకపోతే సుబారు సరిగ్గా అక్కడే ఉండేది.

"ఎప్పట్నించి?" అంది షిగే.

సాయో చెయ్యి దించింది. "ఏంటమ్మా?"

"మబ్బు పట్టింది తల్లీ. ఎప్పట్నించి కనపట్టంలేదు?"

పిల్ల ఏడవలేదు. "పోయినేడు మంచు కురిసినప్పట్నించి. అంతకు ముందు కొంచెం కొంచెం కనపడేవి."

"మరి ఎట్టా చెప్పేదానివి?"

"అన్నం దగ్గర మీరిద్దరూ మాట్లాడుకునేది అదే కదా. రోజూ కొంచెం ముందుగా లేస్తుందని నాన్న అంటాడు. గుడి గంట కొట్టాక ఎంతసేపైందో లెక్క పెట్టుకుంటాను. ఎప్పుడేం మారుతుందో నాన్నని పగలు అడుగుతాను."

"ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు పడుకోవాలన్నావు కదా," అంది సాయో.

నేను తొట్టి అడగకుండానే వెనక్కి వచ్చేశాను.

మూడు రాత్రులు వాళ్ళ పడవ కదల్లేదు. తొమెకిచి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తిండి పెట్టినా తినలేదు. "నా రక్తమే. నా రక్తమే దాని కళ్ళు తినేసింది," అని గొణుగుతుంటే, మూడో రోజు షిగే విసుగెత్తి అరిచింది. "చాలు లేవయ్యా! నీ రక్తం సంగతి తర్వాత చూద్దాం. ఆ పిల్ల ఒక్క చుక్కని కూడా చూడకుండా ఆకాశం అంతా నేర్చుకుంది. మన ఊళ్ళో ఎవడికుందిరా అంత బుర్ర? మూడేళ్ళు పట్టింది నాకు, అదీ కళ్ళుండి! దాన్ని ఈ రాళ్ళ మీద కూచోబెట్టి ముసలిదాన్ని చేద్దామా?"

మొగుణ్ణి "రా" అన్నదని అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. అతను లేచి కూర్చున్నాడు.

సముద్రం అవతల పెద్ద ఊళ్ళో చూపులేనివాళ్ళ బడి ఒకటి ఉంది. ఒళ్ళు పట్టడం, నొప్పులకు సన్నని సూదులు గుచ్చడం, వేళ్ళతో చదవడం అక్కడ నేర్పుతారు. పగటిచూపు ఉండగానే వెళ్ళి చేరాలని షిగే పట్టుబట్టింది. సాయో ఒప్పుకోలేదు. "నాకింకా పగలు కనపడుతోంది. స్క్విడ్‌లు కోస్తాను," అంది. తల్లీకూతుళ్ళు చలికాలమంతా మాటల్లేకుండా గడిపారు. మంచు కరిగాక, ఒక పొద్దున సాయో తన మూట తానే కట్టుకుంది. స్టీమరు దగ్గరికి సాగనంపడానికి నేనూ వెళ్ళాను. షిగే పిల్ల కోటు బొత్తాలు పెడుతూ, "అన్నం మానకు. వెళ్ళు," అంది, అంతే. ఆ సాయంత్రమే మళ్ళీ వేటకు వెళ్ళింది. ఆమె బదులు కూర్చునేవాళ్ళు ఎవరూ లేరు మరి.

తర్వాత యుద్ధం వచ్చింది. మా ఆయన్ని పట్టుకుపోయారు, ఆయన తిరిగి రాలేదు. గెన్‌జిరో ఇద్దరు కొడుకుల్నీ పట్టుకుపోయారు. రేవులో ముసలివాళ్ళు, ఆడవాళ్ళు మిగిలారు. కిరసనాయిలు లేదు, సముద్రం మీద దీపం పెట్టకూడదన్నారు. పడవలు ఊరికే ఎండుతున్నాయి, పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. ఒకరోజు గెన్‌జిరో పెద్ద కోడలు, నేను, ఇంకో ముగ్గురం కలిసి షిగే గుమ్మంలో నిలబడ్డాం. మా వెనకాల కాస్త దూరంగా గెన్‌జిరో కూడా ఉన్నాడు.

"మాకూ నేర్పు అక్కా," అన్నాను.

ఆమె మా అందరినీ ఒకసారి చూసి, గడప మీద కూలబడింది. "నాకు నిద్ర కావాలే తల్లీ, శిష్యులు కాదు," అంది. తర్వాత గెన్‌జిరో వైపు చూసి, "ఏం మావా, అమ్మతల్లికి ఐదుగురాడవాళ్ళు గిడతారంటావా?" అంది.

ముసలాయన గొంతు సవరించుకున్నాడు. "ఆవిడ కూడా తిండిలేక చిక్కిపోయుంటుంది. ఏమీ అనదు."

అలా మేం నేర్చుకున్నాం. షిగే మంచి గురువేం కాదు. చిన్న తప్పుకు కూడా కసిరేది. "అది తిరుగుబోతే మొద్దూ, దాని వెంట పోతే కొరియాలో తేలతావు!" అని పడవ నుంచి పడవకు అరిచేది. గెన్‌జిరో కోడలు ఏడ్చేది. నేనూ ఏడ్చాను. ఆ నాలుగేళ్ళలో మాలో ఒక్కరం కూడా దారి తప్పి పోలేదు. మా పిల్లలు బతికారు. అంతకంటే గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఆ రోజులు తలుచుకుంటే నాకు చుక్కల కంటే ముందు భుజాల నొప్పే గుర్తొస్తుంది.

యుద్ధం అయిపోయాక కొన్నేళ్ళకు మోటారు పడవలు వచ్చాయి. వాటి మీద వరసగా పెద్ద పెద్ద దీపాలు. ఆ వెలుగుకే స్క్విడ్‌లు పైకి వస్తాయి, ఏ చుక్క లేచిందో ఎవరికీ అక్కర్లేదు. ఆ దీపాల కింద నిలబడి పైకి చూస్తే నల్లటి గుడ్డ తప్ప ఏమీ కనపడదు. షిగే తన పడవను కట్టెలకిచ్చేసింది. తొమెకిచికి అప్పటికే పగటిచూపు కూడా పూర్తిగా పోయింది. ఎండ పడే వైపు కూర్చుని తాళ్ళు పేనేవాడు.

సాయో వేడినీళ్ళ బుగ్గలున్న ఊళ్ళో ఒళ్ళు పట్టే పనిలో కుదురుకుంది. అక్కడే సత్రంలో వంట చేసే అతన్ని పెళ్ళి చేసుకుంది. కొడుకు పుట్టాడు. వాడికి ఏడో ఏట వాడిని వెంటబెట్టుకుని వచ్చింది. రాత్రి భోజనాలయ్యాక, "అమ్మా, వీణ్ణి ఒకసారి బయటికి తీసుకెళ్ళి అడుగు," అంది. ఖాళీ గిన్నె ఇంకా చేత్తో పట్టుకునే ఉంది.

"నేనడగను," అంది షిగే. "అడిగిందాకా వీడు మామూలు పిల్లాడే కదా. ఈ రాత్రికి అలాగే ఉండనీ."

సాయో పట్టుబట్టలేదు. వాడికి చూపు బాగానే ఉందని బళ్ళో డాక్టరు చెప్పినట్టు ఆ తర్వాత రెండేళ్ళకు సాయో దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం సంగతి నాకు చెప్పి షిగే దాన్ని మడిచి బియ్యం డబ్బాలో పెట్టింది. కోత బల్ల దగ్గరికి వచ్చి కత్తి నూరుకుంది.

తొమెకిచి ఆ మరుసటేడు వసంతంలో పోయాడు. మరో ఐదేళ్ళకు షిగే మోకాళ్ళు పూర్తిగా పట్టేశాక, సాయో వచ్చి తల్లిని తనతో తీసుకెళ్ళింది. నాకు చదువు రాదు. షిగే చెబుతుంటే ఆమె మనవడు రాసిన ఉత్తరం ఒకటి వస్తే కొట్టువాడి చేత చదివించుకున్నాను. నీళ్ళు మరీ వేడిగా ఉన్నాయట, రోజూ సాయో ఒళ్ళు పట్టి చంపుతోందట, పచ్చడిలో ఉప్పు తక్కువట. చివర ఇలా రాయించింది: "ఇక్కడ కొండలు ఇంటి మీదికే వచ్చినట్టుంటాయి హత్సూ, ఆకాశం చాలా ఇరుకు. ఫర్వాలేదులే, నాకిప్పుడు దానితో పనేముంది. నీ భుజం ఎలా ఉంది?"